చాపరాయి బండ, విషన్‌సర్ గట్టు

కొండలెక్కి వచ్చినవాళ్లు ఎంత దూరం నడిచారో చెబుతారు, ఎంత ఎత్తుకు పోయారో చెబుతారు. ఎక్కడ కూర్చున్నారో మాత్రం చెప్పరు. నాకు కూర్చున్న చోటే ముఖ్యం. భుజాల మీది బరువు దించి, బూట్ల తాళ్లు వదులు చేసుకుని, ఇంకో గంట దాకా లేవక్కర్లేదని తెలిశాకే చుట్టూ ఉన్న కొండ ఎలాంటిదో మనిషికి అర్థమవుతుంది. ఆ చోటు హిమాలయాల్లో అయితే చాలాసార్లు ఒక సరస్సు గట్టు. మన తూర్పు కనుమల్లో అయితే ఒక గెడ్డ (కొండవాగు) ఒడ్డు. రెండూ నీళ్లే, రెండూ కొండ మీదివే. అయినా అక్కడ కూర్చోవడం వేరు, ఇక్కడ కూర్చోవడం వేరు. ఎందుకు వేరో, ఎక్కడ ఆ రెండూ ఒకటవుతాయో చూడాలని ఈ ప్రయత్నం.

అరకు సంగతి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను మీద సొరంగాలు దాటుకుంటూ వెళ్లిన రైలు, బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, బొంగులో చికెన్ చాలామందికి స్వయంగా తెలిసినవే. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి కూడా అంతే. అక్కడ గెడ్డ లోతుగా పారదు. వెడల్పాటి బండ మీద పల్చగా పరుచుకుని జారుతుంది. పాచి పట్టినచోట కాలు నిలవదు, ఎండ తగిలినచోట బండ వెచ్చగా ఉంటుంది. మడమ మునిగేంత నీటిలో కూర్చుంటే నీరు మనల్ని దాటుకుని కిందికి పోతూనే ఉంటుంది. సెలవు రోజుల్లో అక్కడ జాతరే. అయితే బండ దగ్గర ఆగకుండా గెడ్డ పట్టుకుని ఎగువకు నడిస్తే అసలు మన్యం మొదలవుతుంది. రాతి గట్లు కట్టిన చిన్న చిన్న వరి మడులు, ఆ మడుల్లోకి మళ్లించిన ఊట కాలువలు, వాటి పైన చోడి చేలు, వలిసె చేలు, ఇంకా పైన సిల్వర్ ఓక్ నీడలో కాఫీ.

విషన్‌సర్ మనవాళ్లలో కొద్దిమందికే తెలుసు. కాశ్మీరులో సోనామార్గ్ దగ్గర నడక మొదలుపెట్టి నారానాగ్‌లో దిగే సుమారు వారం రోజుల దారి ఒకటి ఉంది. ఆ దారిలో విషన్‌సర్, కృషన్‌సర్, గడ్‌సర్, సత్సర్, గంగాబల్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ మధ్య హైదరాబాదు, విశాఖపట్నం కుర్రవాళ్లు బాగానే వెళ్తున్నారు. చెట్లు ఎప్పుడో వెనకపడిపోతాయి. గడ్డి, రాయి, ఆకాశం మాత్రమే మిగిలిన చోట, సముద్రమట్టానికి 3,600 మీటర్ల పైన, గట్టు ఎక్కగానే సరస్సు మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది. గెడ్డ అలా కనబడదు. ముందు శబ్దం వినిపిస్తుంది, తర్వాత గాలిలో చల్లదనం తగులుతుంది, వెదురు పొద తప్పుకుంటే అప్పుడు నీరు. సరస్సు కంటికి ముందు చిక్కుతుంది, గెడ్డ చెవికి.

ఈ తేడాకు మూలం నేలలో ఉంది. హిమాలయాల్లో మంచునదులు కొండ ఒడిని గరిటెతో గీకినట్టు గీకి గుంటలు చేశాయి, తాము మోసుకొచ్చిన రాళ్లూ మట్టీ ముందు పోసి కట్టలు కట్టాయి. మంచు వెనక్కి తగ్గాక ఆ గుంటల్లో నీరు నిలిచింది. ఆ నీలం, పచ్చ రంగులకు కూడా చాలాచోట్ల మంచు నూరిన రాతి పిండే కారణం. అరకు కొండలను మాత్రం ఏ మంచూ చెక్కలేదు. ఖొండలైటు, చార్నకైటు అనే అతి పురాతన శిలలవి. వానా ఎండా కోట్ల ఏళ్లు అరగదీసిన కొండలు. అలాంటి వాలు మీద నీరు నిలవదు. వర్షం పైనున్న మట్టిలోకి ఇంకుతుంది, నెలల తరబడి ఊటలుగా దిగుతుంది, గెడ్డలై పోతుంది. అందుకే ఆంధ్ర, ఒడిశాల ఈ కొండల్లో ప్రకృతి చేసిన పెద్ద సరస్సు కోసం వెతికితే దొరకదు. ఇది లోటని కొందరు యాత్రికులు అంటారు. నేను అలా అనుకోను. హిమాలయం నీటిని ఒకచోట చూపిస్తుంది. మన కొండ దాన్ని ఊరూరికీ పంచుతుంది.

ఒంటికి కూడా ఆ తేడా తెలుస్తుంది. విషన్‌సర్ ఎత్తులో ప్రతి ఊపిరికీ అందే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. కాబట్టి అక్కడ ఆగడం విలాసం కాదు, వైద్యం. ఒక రోజు అక్కడే ఉండి శరీరాన్ని ఆ ఎత్తుకు అలవాటు చేసుకుంటేనే మర్నాడు 4,200 మీటర్ల దాకా ఉన్న గడ్‌సర్ కనుమ దాటగలరు. నీళ్లలో కాలు పెడితే కొద్ది క్షణాలకే ఎముక లాగుతుంది. మధ్యాహ్నం దాటితే మబ్బు పడుతుంది, మనుషులు గుడారాల్లోకి చేరతారు. అలా సరస్సు దగ్గర సుఖమంతా చూడటంలో ఉంటుంది. ఇక అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులోనే ఉంది. చుట్టుపక్కల పెద్ద కొండలు కూడా 1,700 మీటర్లకు లోపే. ఇక్కడ ఎవరికీ ఊపిరి చాలకపోదు. అలసట కాళ్లదీ చెమటదీ. గెడ్డలో దిగవచ్చు, తల ముంచవచ్చు, బట్టలు పిండి బండ మీద ఆరేయవచ్చు. అవి ఆరేలోపు అడ్డాకులో అన్నం తినవచ్చు. దీన్ని తక్కువ అనుభవమని నేనెప్పుడూ అనుకోలేదు.

మన సాహిత్యానికి హిమాలయంతో ఉన్న చుట్టరికం విచిత్రమైనది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదపురం నుంచి బయల్దేరి, సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని ఒక్క పూటలో మంచుకొండ చేరుతాడు. చూడవలసినవన్నీ చూస్తూ ఉండిపోతాడు. ఎండకు కరిగిన మంచునీటిలో లేపం కొట్టుకుపోతుంది, ఇక ఇంటికి చేరే దారి ఉండదు. కొండ మీద కాస్త ఎక్కువసేపు ఆగినందుకు చెల్లించిన మూల్యంగా కూడా ఆ కథను చదవవచ్చు. అలా నూర్ల ఏళ్లుగా తెలుగు పాఠకుడికి హిమాలయం కావ్యాల్లో దగ్గర. మన్యం భూమి మీద దగ్గర, సాహిత్యంలో దూరం. మన్యం తెలుగువాళ్ల నోళ్లలో బలంగా పడింది 1922 నుంచి 1924 దాకా సాగిన అల్లూరి సీతారామరాజు పోరాటంతోనే. అదీ యుద్ధభూమిగానే తప్ప ఒక మనిషి గెడ్డ ఒడ్డున తీరిగ్గా కూర్చునే చోటుగా కాదు. ఆ బాకీ తీర్చే రచన ఇంకా చాలా రావాలి.

అసలు తేడా ఇంకొకటి ఉంది. సరస్సు దగ్గరికి పోతే ఆ నీరు ఎవరిదీ కాదనిపిస్తుంది. గెడ్డ దగ్గర ఆ భ్రమ కలగదు. ఊటపట్టు దగ్గర రాతి పగులులో ఒక ఆకు మడిచి దూర్చి ఉంటుంది. నీరు బండ మీద చెదిరిపోకుండా ఆ ఆకు కొసన సన్నని ధారగా బిందెలో పడుతుంది. కొన్నిచోట్ల ఆకు బదులు చీల్చిన వెదురు దోనె. దాని కింద రెండు మూడు బిందెలు వరుసలో ఉంటాయి. వరుస ఎవరిదో అందరికీ తెలుసు. అక్కడ పట్నంవాళ్లు మొహం కడుక్కోబోతే, బిందె నిండేదాకా కూర్చున్న ఆవిడ కసురుకోదు. "బాబూ, ఆ కిందన కడుక్కోండి, ఇది తాగీ నీరు" అంటుంది. ఎగువన తాగేది, దాని దిగువన గిన్నెలూ బట్టలూ, ఆ దిగువన పశువులు, ఆ తర్వాత మడి. పేరుకు ఒకటే గెడ్డ గానీ పదిహేను అడుగుల్లో నాలుగు నీళ్లు. అతిథికి ఏ నీరు వస్తుందో తెలుసుకున్నాకే అక్కడ కూర్చోవాలి.

సరస్సు నిజంగా ఎవరిదీ కాదా? అదీ పైచూపే. విషన్‌సర్ చుట్టూ పచ్చిక గుజ్జర్, బకర్వాల్ కాపరుల వేసవి జీవనం. మన నడక దారులు చాలావరకు వాళ్ల మందలు తొక్కిన దారులే. గట్టు వెనక రాళ్లతో, దుంగలతో, మట్టితో కట్టిన వాళ్ల కోఠాలు ఉంటాయి. గుర్రాలతో సామాను మోసుకొచ్చిన కుర్రాడు పొయ్యి రాజేసి ఉప్పు వేసిన నూన్ చాయ్ పోసిస్తాడు. దాన్ని పట్టుకుని కూర్చున్నప్పుడు తెలుస్తుంది, మనం ఒకరి పెరట్లో కూర్చున్నామని. అలాగే ఆ సరస్సుకు దిగువ కూడా ఉంది. విషన్‌సర్, కృషన్‌సర్ నీరే కిషన్‌గంగ అవుతుంది, సరిహద్దు దాటి నీలం నది అవుతుంది, ముజఫరాబాద్ దగ్గర జీలంలో కలుస్తుంది. అరకు, పాడేరు కొండల మత్స్యగెడ్డ మాచ్‌ఖండ్ అయి, సీలేరు అయి, శబరిలో కలిసి గోదావరికి చేరినట్టే. గెడ్డ దగ్గర దిగువవాళ్లు కంటికి కనబడతారు, సరస్సు దగ్గర కనబడరు.

ఇక చేపల సంగతి. దీని దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రెండు లోకాలూ ఇక్కడే ఒకదాన్నొకటి బాగా చూసుకుంటాయి. పాడేరుకు దగ్గర్లో, హుకుంపేట మండలం మఠం గ్రామం వద్ద మత్స్యగుండం ఉంది. నదికి అడ్డంగా పడిన బండల కిందికి నీరు దూరి మాయమై, కొంత దూరంలో మళ్లీ పైకి తేలుతుంది. తేలినచోట మడుగు, ఆ మడుగు నిండా చేపలు. 1907లో విశాఖపట్టణం జిల్లా గెజిటీరు కూర్చిన డబ్ల్యు. ఫ్రాన్సిస్ దీన్ని ఎంతో శ్రద్ధగా వర్ణించాడు. పెద్ద చేపలు కూడా మనిషి చేతి నుంచి జంకు లేకుండా మేత తీసుకుంటాయని, వీపు నిమిరినా ఊరుకుంటాయని రాశాడు. మాడుగుల జమీందారులు తాము మత్స్య వంశీకులమని చెప్పుకుని ఆ చేపలను కాపాడారు. వాళ్ల జెండా మీద చేప, సంతకం బదులు వేసే గుర్తూ చేపే. వెనకటికి ఒక బంజారా వర్తకుడు చేపను పట్టి కూర వండుకున్నాడట. చేపల రాజు శపిస్తే అతడూ అతడి సరుకు మోసే ఎద్దులూ రాళ్లయ్యారట. ఆ రాళ్లను చూపిస్తారు. శివరాత్రికి ఉత్సవం, పూజారి భగత తెగవాడు, చేపలకు మేత వేయడం పూజలో భాగం. ఇప్పుడూ శివరాత్రికి మత్స్యలింగేశ్వరుడి జాతర జరుగుతుంది.

దీని పక్కన కాశ్మీరు సరస్సుల చేపను పెట్టి చూడండి. విషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్‌లలో ఈనాడు గాలానికి పడే ట్రౌటు ఆ నీటిలో పుట్టిన జాతి కాదు. 1900 ప్రాంతంలో గాలం సరదా ఉన్న ఆంగ్లేయులు బ్రిటన్ నుంచి తెప్పించి కాశ్మీరు నీళ్లలో వదిలిన జాతి. ఈనాటికీ అనుమతి చీటీ తీసుకుని గాలం వేసుకునేవాళ్లు ఆ గట్ల మీద కనబడతారు. అక్కడ చేప ఆటవస్తువుగా వచ్చింది, ఇక్కడ చేప దైవాంశ. మన్యానిదే పై చేయి అని వెంటనే తీర్పు చెప్పాలనిపిస్తుంది గానీ అది న్యాయం కాదు. హిమాలయాల్లోనే సిక్కిం పడమటి కొండల్లో ఖెచియోపల్రి సరస్సు ఉంది. అక్కడ చేపల జోలికి పోరు, నీటి మీద ఆకు పడితే పక్షులు ఏరేస్తాయని చెప్పుకుంటారు. గంగాబల్‌లోనే కాశ్మీరీ పండితులు తరతరాలుగా తమవాళ్ల అస్థికలు కలిపారు. వాళ్లకు అది గంగతో సమానం. అదే సరస్సు ఒకరికి తీర్థం, ఇంకొకరికి గాలం వేసే చోటు. మన గెడ్డల్లో కూడా అన్నిచోట్లా చేపకు అభయం లేదు. మత్స్యగుండం దాటి కొంచెం దిగువకు వెళ్తే అదే చేప కూరవుతుంది. ఎవరో ఒకరు ఫలానా చోటి నుంచి ఫలానా చోటి దాకా ముట్టకూడదని కట్టు పెట్టుకున్నారు. ఆ కట్టు ఉన్నంత మేరకే ఆ నీటికి ఆ శాంతి. సరస్సుకైనా గెడ్డకైనా శాంతి ప్రకృతి ఒక్కటే ఇచ్చింది కాదు, చుట్టుపక్కల మనుషులు కూడబలుక్కుని నిలబెట్టింది అని నేను అనడానికి ఇదే ఆధారం.

నీటి దగ్గర ఆగినవాళ్లు అందరూ లేచి వెళ్లలేదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. గఢ్వాల్ కొండల్లో ఐదు వేల మీటర్ల ఎత్తుకు దరిదాపుల్లో ఉన్న రూప్‌కుండ్ చిన్న మడుగు. దాని గట్టున, నీటిలో వందల మంది అస్థిపంజరాలు. అందరూ ఒకే యాత్రలో, ఒకే వడగళ్ల వానకు చనిపోయారని చాలాకాలం అనుకున్నారు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు దేశవిదేశాల వారితో కలిసి 38 మంది ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి 2019లో ప్రకటించిన ఫలితాలు వేరే మాట చెప్పాయి. వాళ్లు ఒకే కాలంవాళ్లు కారు. భారతీయ మూలాలున్న వారు వెయ్యేళ్లకు పైబడిన కాలం వాళ్లు. తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలున్న 14 మంది సుమారు రెండు వందల ఏళ్ల కిందటివాళ్లు. వాళ్లు అంత దూరం ఎందుకు వచ్చారో ఇప్పటికీ తేలలేదు. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ ల్హోనాక్ సరస్సు కట్ట తెగి తీస్తా మీది చుంగ్‌థాంగ్ ఆనకట్టనే ఊడ్చుకుపోయింది. సరస్సు నిశ్చలత మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు.

గెడ్డ అయితే ఏటా ముందే చెప్పి మరీ కోపగిస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో కొండ మీద వాన పడితే గంటలో మోకాలి నీరు ఛాతీ దాకా వస్తుంది. వంతెన లేని ఊళ్లలో నొప్పులు మొదలైన ఆడమనిషిని డోలీ కట్టి, గెడ్డ తీసేదాకా ఒడ్డున దించి ఎదురుచూస్తారు. అదీ నీటి దగ్గర ఆగడమే. మనం డిసెంబరులో బట్టలు ఆరేసుకుని సేదతీరిన అదే బండ మీద ఆగడం. మన్యం గురించి రాసేవాళ్లు ఈ రెండో ఆగడాన్ని వదిలేసి మొదటిదాన్నే వర్ణిస్తే, నా దృష్టిలో అది సగం రచన.

సరస్సు లేని ఈ కొండల్లో మనుషులు సరస్సులు చేశారు. అలాంటి పెద్దవాటిలో ఒకటి జోలాపుట్. మాచ్‌ఖండ్ నది మీద ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టుకున్న జలాశయం. దిగువన డుడుమ జలపాతం దగ్గర నది ఒక్క దూకున పడే ఎత్తును ఉపయోగించుకుని 1955లో విద్యుదుత్పత్తి మొదలుపెట్టారు. ముంచంగిపుట్టు వైపు నుంచి ఏదైనా గట్టెక్కి చూస్తే, ఫోటోలో హిమాలయ సరస్సుకు ఏమీ తీసిపోదు. అదే నీలం, అదే నిశ్చలం, నీటిలో తలకిందులుగా అదే కొండ. చూపుకు సంబంధించినంత వరకు విషన్‌సర్‌కు మన దగ్గర దొరికే అతి దగ్గరి పోలిక ఇదే. కానీ విషన్‌సర్ అడుగున ఉన్నది మంచు వదిలిన రాయి. జోలాపుట్ అడుగున ఉన్నది ఊళ్లు, మడులు, వాటికి నీళ్లిచ్చిన గెడ్డలు. ఖాళీ చేసి పైకి పోయినవాళ్లలో సగానికి సగం ఆదివాసులు. మునగకుండా మిగిలిన దిబ్బల మీది ఊళ్లవాళ్లు సంతకు పోవాలన్నా ఆసుపత్రికి పోవాలన్నా నాటుపడవ ఎక్కాల్సిందే. ఈ నీటికి ఎగువ దిగువల వరుస లేదు, మత్స్యగుండం లాంటి కట్టూ లేదు. నీరు ఎప్పుడు నిలపాలో ఎప్పుడు వదలాలో గట్టున ఉన్నవాళ్లు తేల్చేది కాదు. ఆ ఒడ్డున కూర్చుంటే అందంగా ఉండదని కాదు, చాలా అందంగా ఉంటుంది. ఆ అందం కింద ఏముందో తెలిసి కూర్చోవడం వేరు, అంతే.

ఇప్పుడు రెండుచోట్లా వచ్చిపడిన కష్టం ఒక్కటే. వచ్చేవాళ్లు పెరిగారు, పాత కట్లు వాళ్లకు తెలియవు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్ పచ్చికల మీద రాత్రి బస నిషేధించింది. దాంతో రూప్‌కుండ్ దారి కూడా దెబ్బతింది, దాని మీద బతికే ఊళ్లూ దెబ్బతిన్నాయి. స్పితి దారిలోని చంద్రతాల్ ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, దూరంగా వేసుకుని నడిచి వెళ్లి చూసి రావాలి. ఇక మన వైపు, పాడేరు దగ్గర వంజంగి కొండకు పొగమంచు చూడటానికి తెల్లవారుజామున వందల బళ్లు వస్తాయి. దిగేటప్పుడు దారి పొడుగునా ప్లాస్టిక్ సీసాలు మిగులుతాయి. అక్కడ కోర్టు పెట్టాల్సి వచ్చిన నియమాన్ని ఇక్కడ ఊటపట్టు దగ్గర ఆవిడ ఒక్క మాటతో పెడుతోంది. ఆవిడ మాటకు చట్టం బలం లేదు. ఆ కోర్టు తీర్పుకు ఆవిడకున్న చనువు లేదు. రెండూ కావాలి. చాపరాయి ఎగువన ఎవరు ఎక్కడ దిగాలో అక్కడి గ్రామసభే నిర్ణయించి, ఆ నిర్ణయానికి ప్రభుత్వం బలమివ్వాలని నా కోరిక.

నడిచే ఓపిక ఉన్న తెలుగువాళ్లకు ఋతువులు బాగా కలిసొచ్చాయి. కాశ్మీరు సరస్సుల దారి జులై నుంచి సెప్టెంబరు దాకానే తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ నెలల్లో మన గెడ్డలు పొంగి మన్యంలో నడక కుదరదు. నవంబరు వచ్చేసరికి అక్కడి కనుమలు మంచుతో మూసుకుపోతాయి, ఇక్కడ గెడ్డలు తేటపడతాయి, వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూస్తాయి, కాఫీ పండ్లు కోతకు వస్తాయి. రెండూ చేయదలచినవాళ్లు మాత్రం ముందు డిసెంబరులో మన్యం చూసి, ఆ తర్వాతి ఆగస్టులో విషన్‌సర్ వెళ్లండి. తాగే నీరేదో అడిగి దిగువకు పోయి కడుక్కోవడం అప్పటికి అలవాటై ఉంటుంది. కాశ్మీరు సరస్సు గట్టున సబ్బు తీసినప్పుడు ఆ మాట చెప్పడానికి ఎవరూ ఉండరు.